ధర్మకర్త పదవా, సొంత ట్రస్టా, సొసైటీనా? తిరుపతి, చిత్తూరు వాళ్ళకు ఒక పోలిక

ఫలానా గుడి బోర్డు గడువు తీరిందని పేపర్లో చిన్న వార్త పడితే చాలు, మన వైపు బయోడేటాలు చేతులు మారడం మొదలవుతుంది. అంతకుముందు ఎమ్మెల్యే ఇంటి దరిదాపుల్లో కనిపించనివాళ్ళు కూడా పొద్దున్నే వెళ్ళి నిలబడతారు. "జీతం ఉంటుందా అన్నా?", "ఎన్నేళ్ళుంటుంది?", "దర్శనానికి లెటర్లు ఎన్నిస్తారు?" అని అడిగేవాళ్ళే ఎక్కువ. వీటికి జవాబు చెప్పడం పెద్ద కష్టమేమీ కాదు. "నన్ను వేసేదెవరు, తీసేసేదెవరు, చెక్కు మీద సంతకం పెట్టేదెవరు?" అని అడిగేవాళ్ళు మాత్రం అరుదు. పదవి మీకు నప్పుతుందా లేదా అన్నది ఈ మూడింటితోనే తేలుతుంది.

పదిమందికీ ఉపయోగపడే సంస్థను నడిపే బాధ్యత తీసుకోవాలనుకునేవాళ్ళకు ఇక్కడ నాలుగు దారులున్నాయి: టీటీడీ బోర్డు, దేవదాయ శాఖ కింద ఉన్న గుడి బోర్డు, సొంతంగా పెట్టుకునే ట్రస్టు, నలుగురితో కలిసి నడిపే సొసైటీ. మొదటిది ఎక్కువమందికి అందేది కాదు. అయినా ఊళ్ళో ఎవరితో మాట్లాడినా దాని ప్రస్తావన లేకుండా ఉండదు కాబట్టి దాన్నీ కలుపుతున్నాను.

ముందు డబ్బు సంగతి

ధర్మకర్తకు జీతం ఉండదు. టీటీడీ బోర్డు సభ్యుడికైనా, వీధి చివరి గంగమ్మ గుడి బోర్డు సభ్యుడికైనా అంతే. టీటీడీలో ప్రయాణ భత్యం, బస, మర్యాదలు ఉంటాయి. చిన్న గుళ్ళలో అవి కూడా అంతంతమాత్రమే. పండగ రోజు కండువా కప్పి ప్రసాదం చేతిలో పెడతారు, ఇంటికి వెళ్ళే ఆటో ఖర్చు మాత్రం మీదే.

ఇది ఇవాళ పుట్టిన పద్ధతి కాదు. 1882 నాటి భారత ట్రస్టుల చట్టం 50వ సెక్షను ప్రకారం, ట్రస్టు దస్తావేజులో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప, తన శ్రమకూ సమయానికీ ప్రతిఫలం అడిగే హక్కు ట్రస్టీకి లేదు. ట్రస్టు పని మీద చేతినుంచి పెట్టిన ఖర్చును మాత్రం 32వ సెక్షను కింద తిరిగి తీసుకోవచ్చు. ఆ చట్టం రాసింది ప్రైవేటు ట్రస్టుల కోసమే అయినా, ధర్మాదాయ సంస్థల విషయంలోనూ కోర్టులు ఇంచుమించు ఇదే సూత్రాన్ని పాటిస్తాయి.

నెలనెలా గౌరవ వేతనం, కారు కావాలనుకుంటే మీరు చూడాల్సింది ధర్మకర్త పదవి వైపు కాదు, ప్రభుత్వ కార్పొరేషన్ల చైర్మన్ పోస్టుల వైపు. అది వేరే ఆట, దాని లెక్కలు వేరు. జీతం లేకపోయినా చేస్తాననుకునేవాళ్ళ కోసమే మిగతాదంతా.

టీటీడీ బోర్డు

1843 నుంచి తిరుమల ఆలయ పాలన హాథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది. 1932లో మద్రాసు ప్రభుత్వం ప్రత్యేక చట్టం తెచ్చింది. 1933 నుంచి ఏడుగురి కమిటీ, దానితోపాటు జీతం తీసుకునే కమిషనరు వచ్చారు. గమనించండి, కమిటీ వాళ్ళకు హోదా, కమిషనరుకు జీతం. తొంభై ఏళ్ళు దాటినా ఆ పంపకం అలాగే ఉంది. ఇప్పుడు కమిషనరు స్థానంలో ఈవో (కార్యనిర్వహణాధికారి) ఉన్నారు, అంతే తేడా. ఏడుగురి కమిటీ మాత్రం పెరుగుతూ వచ్చి చైర్మన్‌తో కలిపి పాతికమంది దాకా అయింది. ఈవో, దేవదాయ కమిషనరు, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) చైర్మన్ లాంటివాళ్ళు హోదా రీత్యా సభ్యులవుతారు.

ప్రస్తుతం టీటీడీకి ఆధారం 1987 నాటి 30వ నంబరు దేవదాయ చట్టం. బోర్డును వేసేది రాష్ట్ర ప్రభుత్వం. గడువు మామూలుగా రెండేళ్ళు. అయితే కాగితం మీద రెండేళ్ళు ఉన్నంతమాత్రాన రెండేళ్ళూ ఉంటామనుకోవద్దు. 2023 ఆగస్టులో చైర్మన్‌గా బాధ్యతలు తీసుకున్న భూమన కరుణాకర్ రెడ్డి 2024 జూన్‌లో ఎన్నికల ఫలితాలు రాగానే రాజీనామా చేశారు. ఏడాది కూడా నిండలేదు. ఆ ఏడాది చివర్లో బీఆర్ నాయుడు అధ్యక్షతన కొత్త బోర్డు వచ్చింది. ఏ పార్టీ ఉన్నా ఇదే తంతు. వేసినవాళ్ళు దిగిపోతే మీరూ దిగిపోవాలి, ఇది అందరూ ఒప్పుకున్న అలిఖిత నియమం.

సభ్యుల్లో తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల నుంచి వచ్చేవాళ్ళూ ఉంటారు కాబట్టి, తిరుపతిలో పుట్టి పెరిగామన్న అర్హత ఇక్కడ పెద్దగా పనికిరాదు. స్థానికులకు ఇది కొంచెం మంటగానే ఉంటుంది. కానీ వచ్చే భక్తులు దేశం నలుమూలల నుంచీ వస్తున్నప్పుడు బోర్డు మొత్తం మనవాళ్ళతోనే నిండాలనడం కూడా సబబు కాదు.

బోర్డులో కూర్చున్నవాళ్ళకు ఉండే బరువు నిజమైనదే. 2025-26 బడ్జెట్ 5,258 కోట్లు. అన్నమయ్య భవనంలో జరిగే సమావేశంలో ఆమోదించే ఒక్కో తీర్మానం వేలమంది ఉద్యోగుల మీద, లక్షలమంది భక్తుల మీద పడుతుంది. అంత అజెండాను ఒక పూటలో పూర్తిచేస్తారు. కాగితాలు ముందే చదువుకుని రాని సభ్యుడు చెయ్యెత్తడం తప్ప ఏమీ చెయ్యలేడు.

ఇక లెటర్లు. బోర్డు సభ్యుడి సిఫార్సు లేఖకు బ్రేక్ దర్శనంలో విలువుంది. పదవి వచ్చిందని తెలిసిన రాత్రి నుంచే ఫోను మోగడం మొదలవుతుంది. పదో తరగతిలో పక్క బెంచీలో కూర్చున్నవాడు, పెళ్ళిలో ఒకసారి పలకరించిన వియ్యంకుడి తమ్ముడు, ఇల్లు కట్టిన మేస్త్రీ, అందరూ వాట్సాప్‌లో ఆధార్ కార్డుల ఫొటోలు పంపేస్తారు. "ఆరుమందిమన్నా, రేపు పొద్దున్నే" అంటారు. లెటరు అందినవాడికి గుర్తుండదు, అందనివాడు జన్మలో మరిచిపోడు. ఈ టెన్షన్ పడలేనివాళ్ళు, కాదని చెప్పడం నోటికి రానివాళ్ళు ఆ జోలికి పోకపోవడమే మేలు. 2021లో అయితే బోర్డుకు తోడుగా యాభైమందికి పైగా ప్రత్యేక ఆహ్వానితులను నియమిస్తూ జీవోలు ఇచ్చారు. హైకోర్టు వాటిని నిలిపేసింది. హోదా కోసం ఎంత పోటీ ఉంటుందో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

మీకు కావాల్సింది మంచి దర్శనమే అయితే దానికి బోర్డు అక్కర్లేదు. శ్రీవాణి ట్రస్టుకు 10,000 విరాళమిచ్చి, బ్రేక్ దర్శనం టికెట్టుకు మరో 500 కట్టి వెళ్ళొచ్చు. లక్ష, ఆపైన ఇచ్చే దాతలకు విరాళాన్ని బట్టి సౌకర్యాలు ఏమిటో టీటీడీ బహిరంగంగానే చెబుతుంది. ఎవరి కాళ్ళూ పట్టుకోవాల్సిన పని లేదు.

దేవదాయ శాఖ గుడి బోర్డు

నిజంగా సామాన్యుడికి అందేది ఇదే, పని ఉండేదీ ఇక్కడే. కాణిపాకం, శ్రీకాళహస్తి లాంటి పెద్ద ఆలయాల నుంచి తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ గుడి వరకు, అక్కడి నుంచి ఊళ్ళో ఉండే చిన్న రామాలయం వరకు 1987 దేవదాయ చట్టం కిందే నడుస్తాయి. తిరుచానూరు, శ్రీనివాసమంగాపురం, అప్పలాయగుంట లాంటివి టీటీడీవి కాబట్టి వాటికి విడిగా ఊరి బోర్డు ఉండదు. ఇది తెలియక దరఖాస్తు చేద్దామని తిరిగేవాళ్ళూ ఉంటారు.

చట్టం గుళ్ళను ఆదాయాన్ని బట్టి విడదీసింది. ఏటా 25 లక్షలు దాటేవి ఒక తరగతి, 2 లక్షల నుంచి 25 లక్షల మధ్యవి ఇంకొకటి, 2 లక్షల లోపువి మూడోది. పెద్దవాటికి నియామకం ప్రభుత్వం స్థాయిలో జరుగుతుంది. కిందికి వచ్చేకొద్దీ ఆ అధికారం దేవదాయ శాఖ అధికారుల చేతికి వస్తుంది. గడువు రెండేళ్ళే. నోటిఫికేషన్ వస్తుంది, దరఖాస్తు పెట్టుకోవాలి, మీ మీద కేసులున్నాయా అని విచారిస్తారు. కాగితం మీద ఇంతే. ఎమ్మెల్యే మాట లేకుండా ముందుకు కదులుతుందా అంటే, ఆ సంగతి మీకూ తెలుసు నాకూ తెలుసు.

దేవుడి మీద నమ్మకం, ఊళ్ళో మంచి పేరు, గుడి పనికి తగినంత తీరిక ఉండాలని చట్టం అడుగుతుంది. ఈ మూడో దాన్ని చాలామంది పట్టించుకోరు. 2019లో చట్టం సవరించాక సభ్యుల్లో సగం బీసీ, ఎస్సీ, ఎస్టీల వాళ్ళూ, మొత్తం మీద సగం మహిళలూ ఉండాలి. బ్రాహ్మణుల నుంచి ఒకరు, నాయీ బ్రాహ్మణుల నుంచి ఒకరు ఉండాలని 2024లో ప్రభుత్వం నిర్ణయించింది. దాంతో ఏటా ఆదాయం 20 కోట్లు దాటిన ఆలయాల్లో సభ్యుల సంఖ్యను 15 నుంచి 17కు పెంచుతామంది. ఈ సవరణల వల్ల ఇంతకుముందు గడప దాటని ఆడవాళ్ళు కూడా బోర్డుల్లోకి వస్తున్నారు. వచ్చాక సంతకాలు మాత్రం ఇంటాయన పెట్టిస్తుంటే లాభం లేదు. అమ్మా, పదవి మీ పేరున ఉంటే బాధ్యతా మీ పేరునే ఉంటుంది. ఆడిట్ అభ్యంతరం వచ్చినప్పుడు నోటీసు ఇంటాయనకు రాదు.

చైర్మన్‌ను సభ్యులే తమలోంచి ఎన్నుకోవాలని చట్టం చెబుతుంది. జరిగేది వేరు. ఎవరు చైర్మనో ప్రమాణ స్వీకారం ఫ్లెక్సీ మీద ముందే అచ్చవుతుంది.

గుడి కట్టించిన వంశం వాళ్ళకు ఒక మాట. వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్ని 1987 చట్టం రద్దు చేసింది. దాని మీద అలాంటి ధర్మకర్తలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1996లో పన్నాలాల్ కేసులో కోర్టు ఆ రద్దును నిలబెడుతూనే, స్థాపకుడి కుటుంబం నుంచి అర్హత ఉన్నవాళ్ళకు బోర్డులో స్థానం ఉండాలని చెప్పింది. కాబట్టి మీ తాతగారు కట్టించిన గుడి అయితే, ఆ సంగతి రుజువుచేసే పాత దస్తావేజులు, శాసనం, ఇనాం కాగితాలు బయటికి తీయండి. రాజకీయ సిఫార్సు కంటే అవి గట్టివి.

ఇక అసలు పని. చిన్న గుడిలో బోర్డు సభ్యుడికి మూడు చోట్ల పరీక్ష ఉంటుంది: హుండీ లెక్కింపు, వేలంపాట, జాతర. లెక్కింపు రోజు మండపంలో జంపకానా పరిచి హుండీ బోర్లిస్తారు. చిల్లర ఒక పక్క, నోట్లు ఒక పక్క, ముడుపు గుడ్డల్లో కట్టిన పసుపు నాణేలు ఒక పక్క. దేవదాయ శాఖ ఇన్‌స్పెక్టరు, బ్యాంకు వాళ్ళు, సేవకులు, బోర్డు సభ్యులు అక్కడే సాయంత్రం దాకా కూర్చోవాలి. మధ్యలో ఫోనొచ్చిందని లేచి పోయి, చివర్లో వచ్చి సంతకం పెట్టేవాళ్ళు కొందరుంటారు. చూడని లెక్క మీద సంతకం పెట్టడం ఎంత ప్రమాదమో వాళ్ళకు ఏదైనా తేడా వచ్చినప్పుడే తెలుస్తుంది.

వేలంపాట ఇంకా సున్నితం. కొబ్బరికాయల దుకాణం, తలనీలాలు, చెప్పుల స్టాండు, వాహనాల రుసుము, మాన్యం కౌలు, ప్రతిదీ వేలానికి వస్తుంది. గుడి ఆస్తి కౌలుకు తీసుకున్నవాళ్ళు, గుడితో కాంట్రాక్టు ఉన్నవాళ్ళు ధర్మకర్తలుగా ఉండకూడదని చట్టం స్పష్టంగానే చెబుతోంది. మీ బావమరిది పేరు మీద కొబ్బరికాయల పాట ఉంటే చట్టం సంగతి ఎలా ఉన్నా, ఊరు ఊరుకోదు. గుడి ముందు వ్యాపారం చేసుకునే కుటుంబాలకు నా సలహా ఒక్కటే: వ్యాపారమో, బోర్డో ఏదో ఒకటే పెట్టుకోండి.

గంగ జాతర లాంటి రోజుల్లో అయితే మీ ఇంటికి మీరే చుట్టం. మే నెల ఎండలో క్యూల దగ్గర నీళ్ళు, బారికేడ్లు, పొంగళ్ళు పెట్టేవాళ్ళకు చోటు, పోలీసులతో మాటలు, వేషాలతో వచ్చేవాళ్ళకు దారి, ఇవన్నీ మీ నెత్తినే పడతాయి. కాణిపాకం బ్రహ్మోత్సవాల్లో అయితే ఉభయదారులు, అంటే ఒక్కో రోజు వాహన సేవ ఖర్చు పెట్టుకునేవాళ్ళు ఉంటారు. ఏ వాహనం ఏ ఊరిది, ఎవరికి ఏ మర్యాద అన్నది తరాలుగా వస్తున్న లెక్క. కొత్తగా వచ్చిన సభ్యుడు అందులో వేలు పెడితే గొడవే.

చెక్కు సంగతికి వస్తే, ఈవో ఉన్న గుడిలో రోజువారీ పాలన, డబ్బు ఈవో చేతిలో ఉంటాయి. బోర్డు తీర్మానం చేస్తుంది. మీరు తీర్మానించిన మరుగుదొడ్ల పని ఆరు నెలలైనా మొదలు కాకపోవచ్చు. భక్తులు మాత్రం మిమ్మల్నే నిలదీస్తారు. తీసేయడమూ అంతే, పై అధికారుల చేతిలో ఉంది. అయితే తప్పు చేశారని తొలగించాలంటే ఆరోపణలు రాసిచ్చి, మీ వివరణ తీసుకోవాలి. కాబట్టి సమావేశంలో మీకు నచ్చని తీర్మానం వస్తే బయటికొచ్చి గొణగొద్దు. "నేను ఒప్పుకోవడం లేదు" అని మినిట్స్ పుస్తకంలో రాయించండి. రేపు మిమ్మల్ని కాపాడేది ఆ ఒక్క వాక్యమే.

సొంత ట్రస్టు

పిల్లలు అమెరికాలో ఉన్నారు, ఏటా కొంత పంపిస్తారు, అమ్మానాన్నల పేరున బడి పిల్లలకు ఏదైనా చేద్దామనుకునే కుటుంబాలకు ఇది సరిపోతుంది. వేసేదీ మీరే, తీసేదీ మీరే. కష్టం కూడా సరిగ్గా అక్కడే ఉంది. దస్తావేజులో ఏం రాస్తే అదే చట్టం, రాయనిది తర్వాత కోర్టులో తేలుతుంది.

చాలామంది స్టాంపు వెండర్ దగ్గర దొరికే నమూనాలో పేర్లు మార్చి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టర్ చేయించేస్తారు. అందులో ట్రస్టీలందరూ జీవితకాలం ఉంటారని రాసి ఉంటుంది. పదేళ్ళ తర్వాత అన్నదమ్ములకు మాటలు లేవు, ఒకరు సంతకం పెట్టరు, బ్యాంకు ఖాతా ఆగిపోతుంది. ఇలా రాసుకోండి: స్థాపకుడు జీవితకాలం, మిగిలినవాళ్ళు మూడేళ్ళు, అందరూ ఒకేసారి దిగిపోకుండా ఏటా ఒకరిద్దరి గడువు ముగిసేలా. ట్రస్టీల సంఖ్య బేసిగా ఉంచండి. ఎవరైనా చనిపోతే కొత్తవారిని ఎవరు వేస్తారో, తప్పు చేస్తే ఎంతమంది ఒప్పుకుంటే తీసేయవచ్చో రాయండి. కుటుంబం బయటివాళ్ళు కనీసం ఇద్దరుంటే, కుటుంబం తగాదా ట్రస్టు తగాదా కాకుండా ఉంటుంది.

రాజీనామా సంగతి కూడా రాయాలి. ఒకసారి ఒప్పుకున్న ట్రస్టీ తనంతట తాను వదిలేసి పోవడానికి ట్రస్టుల చట్టం ఒప్పుకోదు. దస్తావేజులో వీలుండాలి, లేదంటే కోర్టు అనుమతో, లబ్ధిదారుల సమ్మతో కావాలి. స్నేహితుడు అడిగాడని ట్రస్టీగా పేరిచ్చేసేవాళ్ళు ముందు ఈ ఒక్క క్లాజు చదవండి.

జీతం విషయంలో ఇక్కడ కొంచెం వెసులుబాటు ఉంది. ట్రస్టీ అయిన డాక్టరు ట్రస్టు క్లినిక్‌లో రోజూ కూర్చుంటే ఆ పనికి జీతం ఇవ్వొచ్చు, దస్తావేజు ఒప్పుకోవాలి. బయట ఆ పనికి ఎంత వస్తుందో అంతకు మించకూడదు. తీర్మానం చేసేటప్పుడు ఆ డాక్టరు లేచి బయటికెళ్ళాలి. ట్రస్టు డబ్బు స్థాపకుడికో, ట్రస్టీలకో, వాళ్ళ బంధువులకో అడ్డదారిన చేరితే ఆదాయపు పన్ను మినహాయింపు పోతుంది. ట్రస్టు డబ్బుతో కారు కొని ఇంట్లో వాడుకునేవాళ్ళు పట్టుబడేది ఇక్కడే.

ఇంకో జాగ్రత్త. ట్రస్టు పేరుతో గుడి కట్టి, హుండీ పెట్టి, నలుగురి కానుకలూ తీసుకుంటే అది పూర్తిగా మీ సొంతం అనుకోవద్దు. 1987 చట్టం 43వ సెక్షను ప్రకారం అలాంటి సంస్థలు దేవదాయ శాఖలో నమోదు కావాలి. ఆదాయం పెరిగాక ఈవో వచ్చి కూర్చుంటే, "మేం కట్టుకున్న గుడి" అని వాపోయి లాభం లేదు.

సొసైటీ, సహకార సంఘం

స్నేహితులు, కాలనీవాసులు, రిటైరైన ఉద్యోగులు కలిసి ఏదైనా చేయాలంటే సొసైటీ మంచిది. 2001 నాటి మన రాష్ట్ర సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురుంటే చాలు. కమిటీని సర్వసభ్య సమావేశం ఎన్నుకుంటుంది, అదే దించేస్తుంది. బైలాలో గడువు రాసుకుంటారు. చిక్కల్లా ఏటా సమావేశం పెట్టి, లెక్కలు చూపి, జాబితా జిల్లా రిజిస్ట్రారుకు పంపడంలోనే. రెండేళ్ళు బద్ధకిస్తే అసలు కమిటీ ఎవరిదనే తగవు మొదలవుతుంది.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల్లో రైతులు ఎన్నుకున్న పాలకవర్గం ఉండాలి. ఎన్నికలు జరగక ప్రభుత్వం నియమించిన త్రిసభ్య కమిటీలతో నడిచిన కాలమే ఈమధ్య ఎక్కువ. రైతు కాని వాళ్ళు దాని గురించి ఆలోచించాల్సిన పని లేదు.

ఎవరికి ఏది?

రిటైరైన టీచరు, బ్యాంకు ఉద్యోగి, ఇంటి దగ్గరే ఉండి రోజుకో గంట ఇవ్వగలవాళ్ళు: ఊళ్ళో గుడి బోర్డుకే నా ఓటు. లెక్కలు చదవడం వచ్చినవాళ్ళు అక్కడ చాలా తక్కువ. వ్యాపారం ఊపులో ఉన్నవాళ్ళు పేరు కోసం బోర్డులో చేరితే పనీ జరగదు, పేరూ మిగలదు. వాళ్ళు ఉభయమో, అన్నదానమో చేయించుకోవడం మంచిది. చేతిలో డబ్బుండి, ఒకరి మాట వినే అలవాటు లేనివాళ్ళకు ట్రస్టు. డబ్బు తక్కువ, మనుషులు ఎక్కువ ఉన్న చోట సొసైటీ. పార్టీలో తిరిగేవాళ్ళకు నేను చెప్పేదేముంది, వాళ్ళ లెక్క వాళ్ళకుంటుంది.

ఏది ఎంచుకున్నా, ఒప్పుకునే ముందు గత రెండేళ్ళ ఆడిట్ రిపోర్టు, మినిట్స్ పుస్తకం, నడుస్తున్న కోర్టు కేసుల జాబితా, భూముల పాస్‌బుక్కులు చూపించమని అడగండి. గుడి అయితే నగల రిజిస్టరు కూడా. అది చివరిసారి ఎప్పుడు సరిచూశారో, ఎవరు సంతకం పెట్టారో చూడండి. చూపించడానికి వెనకాడితే ప్రమాణ స్వీకారానికి కొన్న పట్టుపంచె ఇంకో శుభకార్యానికి దాచుకోండి.